కారు బల్బుల వాటేజీ

కారు బల్బుల వాటేజీ అనగా మోటారు కారులో ముందు, వెనుక, లోపల అమర్చిన విద్యుద్దీపాలు వెలుగుతున్నప్పుడు వినియోగించుకొనే విద్యుత్ సామర్థ్యం. దీనిని వాట్లలో కొలుస్తారు. కాలిపోయిన బల్బు స్థానంలో కొత్తది వేసేటప్పుడు దాని ఆకారం, పీఠం, వోల్టేజీలతో పాటు వాటేజీ కూడా సరిపోవలెను. ఎక్కువ వాట్ల బల్బు వేస్తే రాత్రి ప్రయాణం మరింత క్షేమంగా ఉంటుందని చాలామంది నమ్ముతారు. కాని వాటేజీ కొనుగోలుదారు తన ఇష్టప్రకారం ఎంచుకొనే అంకె కాదు. తీగల మందం, ఫ్యూజు, స్విచ్చి, హోల్డరు, పరావర్తకం ఇవన్నీ ఆ అంకెను దృష్టిలో ఉంచుకొనే తయారవుతాయి. బల్బును మాత్రమే మార్చి మిగిలినవాటిని అలాగే వదిలివేస్తే తీగలు వేడెక్కడం, హోల్డరు కరగడం, ఎదురుగా వచ్చేవారి కళ్ళు చెదరడం వంటి ప్రమాదాలు కలుగుతాయి.

వాట్లు, వోల్టులు, ఆంపియర్లు

విద్యుత్ సామర్థ్యాన్ని తెలిపే సూత్రం పాఠశాల విద్యార్థులకు పరిచయమైనదే.

సామర్థ్యం (వాట్లు) = వోల్టేజీ (వోల్టులు) × విద్యుత్ ప్రవాహం (ఆంపియర్లు)

కార్లలో సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కావున 60 వాట్ల బల్బు గుండా 60 ÷ 12 = 5 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. 5 వాట్ల పార్కింగు దీపానికి అర ఆంపియరు కూడా అవసరం లేదు. ఇంటిలోని 230 వోల్టుల సరఫరాపై 60 వాట్ల బల్బు తీసుకొనే విద్యుత్తు సుమారు 0.26 ఆంపియర్లు మాత్రమే. అనగా ఒకే వాటేజీకి ఇంటి తీగలకంటే కారు తీగలు సుమారు 19 రెట్లు ఎక్కువ విద్యుత్తును మోయవలసి ఉంటుంది. కారులో వాటేజీని కొద్దిగా పెంచినా తీగలపై భారం బాగా పెరగడానికి కారణం ఇదే.

ఇంజను నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరు బ్యాటరీని ఛార్జి చేస్తుంది కనుక వ్యవస్థలో వోల్టేజీ 12 కాక 13.5 నుండి 14.5 వోల్టుల వరకు ఉంటుంది. అందువల్ల బల్బుపై ముద్రించిన వాటేజీ నామమాత్రపు విలువ. ఆచరణలో బల్బు అంతకంటే కొంత ఎక్కువ సామర్థ్యాన్ని వినియోగించుకొంటుంది. కారు తయారీదారులు తీగలను, ఫ్యూజులను ఈ తేడాను కూడా లెక్కలోనికి తీసుకొని నిర్ణయిస్తారు.

ఓమ్ నియమాన్ని ఉపయోగించి చల్లని బల్బు నిరోధం కొలిచి వాటేజీ కనుగొనడానికి ప్రయత్నిస్తే తప్పు జవాబు వస్తుంది. 12 వోల్టుల వద్ద వెలుగుతున్న 60 వాట్ల ఫిలమెంటు నిరోధం 2.4 ఓములు. చల్లగా ఉన్నప్పుడు టంగ్‌స్టన్ నిరోధం అందులో చిన్న భాగం మాత్రమే. అందుచేతనే స్విచ్చి వేసిన క్షణంలో బల్బు గుండా మామూలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ విద్యుత్తు ప్రవహిస్తుంది. పాత బల్బులు తరచుగా వెలిగించిన క్షణంలోనే కాలిపోవడానికి ఇది ఒక కారణం.

వాటేజీ, వెలుగు ఒకటి కావు

వాట్ అనేది బల్బు ఖర్చు చేసే సామర్థ్యానికి కొలమానం. బల్బు నుండి వెలువడే మొత్తం కాంతిని ల్యూమెన్లలో కొలుస్తారు. ఫిలమెంటు బల్బు ఖర్చు చేసే శక్తిలో అధిక భాగం వేడిగా మారిపోతుంది. 55 వాట్ల హెచ్7 హాలోజెన్ బల్బు సుమారు 1500 ల్యూమెన్ల కాంతినిస్తుంది. 35 వాట్ల డి2ఎస్ జినాన్ దీపం సుమారు 3200 ల్యూమెన్లు ఇస్తుంది. అనగా తక్కువ వాట్లతోనే రెండు రెట్లకు మించిన వెలుగు. కావున వేర్వేరు రకాల దీపాలను వాట్లను బట్టి పోల్చరాదు.

ఒకే రకం బల్బులో కూడా వెలుగు వోల్టేజీని బట్టి చాలా మారుతుంది. ఫిలమెంటు బల్బుకు అందే వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం తగ్గుతుంది. వోల్టేజీ 5 శాతం పెరిగితే వెలుగు సుమారు 18 శాతం పెరుగుతుంది గాని, బల్బు ఆయుర్దాయం దాదాపు సగానికి పడిపోతుంది. హెడ్‌లైటు మసకగా వెలుగుతున్నప్పుడు లోపం బల్బు వాటేజీలో కాక, బల్బుకు చేరే వోల్టేజీలో ఉండవచ్చునని దీనిని బట్టి గ్రహించవచ్చు.

చరిత్ర

తొలి మోటారు కార్లలో నూనె దీపాలు, ఎసిటిలీన్ వాయు దీపాలు వాడేవారు. 1912లో కాడిలాక్ కంపెనీ విద్యుత్తుతో ఇంజను స్టార్టు చేయడాన్ని, విద్యుద్దీపాలను ఒకే వ్యవస్థగా తన కార్లలో ప్రవేశపెట్టింది. 1925లో జర్మనీకి చెందిన ఓస్రామ్ సంస్థ దూరపు వెలుగుకు ఒకటి, దించిన వెలుగుకు ఒకటి చొప్పున రెండు ఫిలమెంట్లున్న బైలక్స్ బల్బును తెచ్చింది. 1962లో హెచ్1 హాలోజెన్ బల్బు, 1971లో రెండు ఫిలమెంట్ల హెచ్4 హాలోజెన్ బల్బు ఐరోపాలో వాడుకలోనికి వచ్చాయి. 1991లో బి.ఎం.డబ్ల్యు. 7 సిరీస్ కార్లలో జినాన్ దీపాలు కనిపించాయి. 2000ల చివరి నుండి ఎల్.ఇ.డి. హెడ్‌లైట్లు క్రమంగా వ్యాపించాయి.

హాలోజెన్‌కు ముందు వాడిన ఆర్2 బల్బు వాటేజీ 45/40. దాని తరువాత వచ్చిన హెచ్4 వాటేజీ 60/55. వాటేజీతో పాటు పరావర్తకాలు, పీఠాలు, తీగలు కూడా ఆనాడే మారాయి. ఆ మార్పు మొత్తం దీపంలో వచ్చినది, బల్బులో మాత్రమే వచ్చినది కాదు.

ప్రామాణిక బల్బులు

ఫిలమెంటు బల్బుల కొలతలు, పీఠాలు, వాటేజీ, వెలుగులను ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం వారి 37వ నియమావళి నిర్దేశిస్తుంది. భారతదేశంలో ఏ.ఐ.ఎస్.-034 అనే ప్రమాణం ఇదే విషయానికి సంబంధించినది. 12 వోల్టుల కార్లలో సాధారణంగా కనిపించే బల్బులు ఇవి:

* హెచ్4 - 60/55 వాట్లు. ఒకే బల్బులో హై బీమ్, లో బీమ్ ఫిలమెంట్లు రెండూ ఉంటాయి. భారతదేశంలోని అనేక చిన్న కార్లలో హెడ్‌లైటు బల్బు ఇదే. 13.2 వోల్టుల వద్ద హై బీమ్ సుమారు 1650, లో బీమ్ సుమారు 1000 ల్యూమెన్లు ఇస్తాయి.
* హెచ్7 - 55 వాట్లు. ఒకే ఫిలమెంటు. హై బీమ్‌కు, లో బీమ్‌కు వేర్వేరు బల్బులున్న కార్లలో వాడతారు.
* హెచ్1, హెచ్3, హెచ్11 - 55 వాట్లు. హెడ్‌లైట్లలోను, ఫాగ్ ల్యాంపులలోను వాడతారు.
* హెచ్8 - 35 వాట్లు. ఎక్కువగా ఫాగ్ ల్యాంపులలో వాడతారు.
* పి21డబ్ల్యు - 21 వాట్లు. బ్రేకు దీపం, ఇండికేటరు, రివర్సు దీపాలలో వాడతారు. సుమారు 460 ల్యూమెన్లు.
* పివై21డబ్ల్యు - 21 వాట్లు. నారింజ రంగు గాజు. తెల్లని అద్దమున్న ఇండికేటర్లకు వాడతారు.
* పి21/5డబ్ల్యు - 21 వాట్ల బ్రేకు ఫిలమెంటు, 5 వాట్ల టెయిల్ ల్యాంపు ఫిలమెంటు ఒకే గాజులో ఉంటాయి.
* డబ్ల్యు5డబ్ల్యు - 5 వాట్లు. లోహపు పీఠం లేని గాజు బల్బు. పార్కింగు దీపం, నంబరు ప్లేటు దీపాలలో వాడతారు.
* సి5డబ్ల్యు - 5 వాట్లు. రెండు చివరలా లోహపు మూతలున్న గొట్టం ఆకారపు బల్బు. కారు లోపలి దీపంలోను, నంబరు ప్లేటు దీపంలోను కనిపిస్తుంది.

లారీలు, బస్సులలో చాలావరకు 24 వోల్టుల వ్యవస్థ ఉంటుంది. వాటి హెచ్4 బల్బు వాటేజీ 75/70. చూపునకు రెండూ ఒకేలా ఉన్నా, 24 వోల్టుల బల్బు కారులో మసకగా వెలుగుతుంది. 12 వోల్టుల బల్బు లారీలో వెలిగించిన వెంటనే మాడిపోతుంది.

ఎక్కువ వాటేజీ వల్ల కలిగే నష్టాలు

హెచ్4 పీఠంతోనే 100/90 వాట్ల బల్బులు, అంతకు మించినవి కూడా విడిభాగాల దుకాణాలలో దొరుకుతాయి. ఇవి హోల్డరులో చక్కగా ఇమిడిపోతాయి. సమస్య ఇక్కడే మొదలవుతుంది. ఇమిడినంత మాత్రాన సరిపోయినట్లు కాదు.

తీగలు: 60 వాట్లకు 5 ఆంపియర్లు ప్రవహించే తీగలో 100 వాట్లకు సుమారు 8.3 ఆంపియర్లు ప్రవహిస్తాయి. జౌల్ నియమం ప్రకారం తీగలో పుట్టే వేడి విద్యుత్ ప్రవాహ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కావున విద్యుత్తు 1.67 రెట్లు పెరిగితే వేడి సుమారు 2.8 రెట్లు పెరుగుతుంది. ఉదాహరణకు బ్యాటరీ నుండి బల్బు వరకు తీగలు, స్విచ్చి, కనెక్టర్లు కలిసి 0.2 ఓముల నిరోధం ఉన్నదనుకొందాం. 5 ఆంపియర్ల వద్ద అక్కడ పుట్టే వేడి 5 వాట్లు, నష్టపోయే వోల్టేజీ 1 వోల్టు. 8.3 ఆంపియర్ల వద్ద వేడి దాదాపు 14 వాట్లు, నష్టపోయే వోల్టేజీ దాదాపు 1.7 వోల్టులు. అదనంగా ఖర్చయ్యే విద్యుత్తులో కొంత రోడ్డు మీద వెలుగుగా మారక తీగలలోనే వేడిగా మారిపోతున్నదన్నమాట.

ఫ్యూజు: అనేక కార్లలో ఒక్కొక్క హెడ్‌లైటుకు 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. ఇంజను నడుస్తుండగా 100 వాట్ల బల్బు తొమ్మిది ఆంపియర్లకు దగ్గరగా తీసుకొంటుంది కనుక 10 ఆంపియర్ల ఫ్యూజుకు మిగిలే వెసులుబాటు స్వల్పం. ఫ్యూజు పదేపదే పోతుంటే దాని స్థానంలో పెద్ద ఫ్యూజును, రాగి తీగను, సిగరెట్టు పెట్టెలోని రేకును పెట్టడం అత్యంత ప్రమాదకరం. ఫ్యూజు కాపాడేది బల్బును కాదు, తీగను. తీగ మోయగలిగిన దానికంటే పెద్ద ఫ్యూజు వేస్తే షార్టు సర్క్యూట్ ఏర్పడినప్పుడు ముందుగా కాలేది తీగే. దానివల్ల కారుకు మంటలు అంటుకొనవచ్చు.

హోల్డరు, పరావర్తకం: ఎక్కువ వాటేజీ వేడికి ప్లాస్టిక్కు హోల్డరు గోధుమ రంగుకు తిరిగి, పెళుసుబారి విరిగిపోతుంది. పరావర్తకపు మెరుపు పూత పొరలుగా లేచిపోవచ్చు. ఇప్పటి హెడ్‌లైట్ల ముందు భాగం గాజు కాక పాలికార్బొనేటు కనుక అదికూడా దెబ్బతినవచ్చు. పూత పోయిన పరావర్తకంలో తిరిగి 60/55 బల్బు వేసినా పూర్వపు వెలుగు రాదు.

ఎదుటివారి కళ్ళు: హెడ్‌లైటు పరావర్తకం ఫిలమెంటు ఒక నిర్దిష్ట స్థానంలో, నిర్దిష్ట పరిమాణంలో ఉన్నదన్న లెక్కతో రూపొందుతుంది. హెచ్4 బల్బులో లో బీమ్ ఫిలమెంటు కింద ఒక చిన్న లోహపు దొప్ప ఉంటుంది. పైకి పోయే కాంతిని అది ఆపుతుంది. నాసిరకపు అధిక వాటేజీ బల్బులలో ఫిలమెంటు స్థానం, పరిమాణం మారినప్పుడు వెలుగు పైకి, పక్కలకు చెదురుతుంది. అప్పుడు డిప్పరు కొట్టినా ఎదుటివారి కళ్ళలో పడే వెలుగు తగ్గదు.

రెండు వరుసల రోడ్డుపై ఈ మిరుమిట్ల ప్రభావం ఎదుటి డ్రైవరుతో ఆగిపోదు. క్షణకాలం చూపు కోల్పోయిన ఆ డ్రైవరుకు రోడ్డు అంచున నడుస్తున్న మనిషి, వెనుక దీపం లేని ఎడ్లబండి, నిలిపి ఉంచిన ట్రాక్టరు ట్రాలీ కనిపించవు. దేశంలో అనేక లారీల వెనుక "యూజ్ డిప్పర్ ఎట్ నైట్" అని వ్రాసి ఉండడం వెనుక ఉన్న భయం ఇదే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 106వ నియమం ముందు దీపాల కాంతి ఎదుటివారి కళ్ళు చెదరగొట్టని విధంగా మళ్ళించబడి ఉండవలెనని చెబుతున్నది.

తక్కువ వాటేజీ, తారుమారైన బల్బులు

నిర్దేశించిన దానికంటే తక్కువ వాటేజీ వేసినా ప్రమాదమే. 21 వాట్ల బ్రేకు దీపం స్థానంలో 5 లేదా 10 వాట్ల బల్బు వేస్తే పగటి ఎండలో అది వెలిగినట్లు వెనుకవారికి తెలియదు. దీనికి విరుద్ధంగా 5 వాట్ల టెయిల్ ల్యాంపు స్థానంలో 21 వాట్ల ఫిలమెంటు వెలిగితే కారు ఎప్పుడూ బ్రేకు వేసినట్లే కనిపిస్తుంది. నిజంగా బ్రేకు వేసినప్పుడు తేడా కనిపించదు. ఈ పొరపాటు జరగకుండా పి21/5డబ్ల్యు బల్బు పీఠంపై రెండు పిన్నులను వేర్వేరు ఎత్తులలో అమర్చారు. బల్బు ఒకే విధంగా హోల్డరులోనికి పోతుంది. బలవంతంగా తిప్పి బిగించినప్పుడే ఫిలమెంట్లు తారుమారవుతాయి.

ఇండికేటర్లు నిమిషానికి 60 నుండి 120 సార్లు ఆరి వెలగవలెనని అంతర్జాతీయ నియమం. ఒక బల్బు కాలిపోయినా, తక్కువ వాటేజీ బల్బు వేసినా ఫ్లాషరు గుండా పోయే విద్యుత్తు తగ్గుతుంది. దానిని గుర్తించి అనేక కార్లలో ఇండికేటరు మామూలుకంటే వేగంగా కొట్టుకొంటుంది. ఇది చెడిపోయిన లక్షణం కాదు, బల్బును పరీక్షించమని డ్రైవరుకు చేసే హెచ్చరిక.

ఎల్.ఇ.డి. బల్బులు

ఎల్.ఇ.డి. బల్బు తక్కువ వాట్లతో ఎక్కువ వెలుగు ఇస్తుంది కనుక తీగలపై భారం తగ్గుతుంది. కాని హాలోజెన్ కోసం రూపొందిన పరావర్తకంలో ఎల్.ఇ.డి. వేసినప్పుడు కాంతి పుట్టే స్థానం, ఆకారం ఫిలమెంటుతో సరిపోలకపోతే వెలుగు చెదురుతుంది. ల్యూమెన్లు ఎక్కువైనా రోడ్డు దూరం వరకు కనిపించదు. ఎదుటివారికి మాత్రం మిరుమిట్లు కలుగుతాయి. 2020లో జర్మనీలో హెచ్7 హోల్డరులో వేసే ఒక ఎల్.ఇ.డి. బల్బుకు మొదటిసారి అనుమతి లభించింది. అదికూడా పరీక్షించిన కొన్ని కారు నమూనాలకే పరిమితం.

ఇండికేటర్లలో ఎల్.ఇ.డి. వేస్తే విద్యుత్తు తగ్గి అవి వేగంగా కొట్టుకొంటాయి. దీనికి విరుగుడుగా కొందరు బల్బుకు సమాంతరంగా నిరోధకం కలుపుతారు. ఆ నిరోధకం బాగా వేడెక్కుతుంది కనుక దానిని ప్లాస్టిక్కుకు, తీగల కట్టకు ఆనించరాదు.

సరైన బల్బును ఎంచుకొనే విధానం

# కారుతో ఇచ్చిన యజమాని పుస్తకంలో బల్బుల పట్టిక ఉంటుంది. అందులోని రకం, వాటేజీలను ప్రమాణంగా తీసుకొనవలెను.
# పుస్తకం లేనిచో పాత బల్బు పీఠంపై ముద్రించిన రకం, వోల్టులు, వాట్లు చూడవలెను. కారు సెకండ్ హ్యాండుదైతే పాత యజమాని వేసిన బల్బే తప్పుది కావచ్చు. కనుక హెడ్‌లైటు గుల్లపై ఉన్న ముద్రతో కూడా సరిచూడవలెను.
# వృత్తంలో "ఇ" అనే ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన దేశపు సంఖ్య ఉన్న ముద్ర ఆ బల్బు ఐక్యరాజ్యసమితి నియమావళి ప్రకారం ఆమోదం పొందినట్లు తెలుపుతుంది.
# "55 వాట్లకు 100 వాట్ల వెలుగు" వంటి ప్రకటనలను నమ్మరాదు. నీలిరంగు పూత ఉన్న బల్బులలో ఆ పూతే కొంత కాంతిని పీల్చుకొంటుంది.
# వెలుగు పెరగవలెనన్నచో అదే 60/55 వాటేజీలో మేలురకం బల్బును తీసుకొనవచ్చు. వీటిలో ఫిలమెంటును మరింత వేడిగా వెలిగేటట్లు తయారు చేస్తారు. అందువలన ఆయుర్దాయం మామూలు బల్బుకంటే తక్కువగా ఉంటుంది.
# హెడ్‌లైటు బల్బులను రెండు వైపులా ఒకేసారి, ఒకే రకానివి మార్చడం మంచిది.

వెలుతురు చాలనప్పుడు

హెడ్‌లైటు మసకబారినప్పుడు వాటేజీ పెంచడానికి ముందు పరీక్షించవలసినవి కొన్ని ఉన్నాయి. ఎండకు పసుపుబారిన పాలికార్బొనేటు అద్దం చాలా కాంతిని అడ్డుకొంటుంది. దానిని పాలిష్ చేయించవచ్చు. హెడ్‌లైటు మరీ కిందకు వంగి ఉంటే మంచి బల్బు కూడా దగ్గరి రోడ్డునే చూపుతుంది. దాని ఎత్తును సరిచేయించవలెను.

తరువాత వోల్టేజీ పరీక్ష. ఇంజను నడుపుతూ, హెడ్‌లైట్లు వెలిగించి, మల్టీమీటరుతో ముందు బ్యాటరీ వద్ద, ఆ తరువాత బల్బు కనెక్టరు వద్ద వోల్టేజీ కొలవవలెను. రెంటికీ తేడా అర వోల్టుకు మించితే తీగలలోనో, స్విచ్చిలోనో, ఎర్తు కనెక్షనులోనో నిరోధం ఎక్కువగా ఉన్నదని అనుమానించవచ్చు. పాత కార్లలో తుప్పుపట్టిన ఎర్తు బోల్టును శుభ్రం చేసి బిగించడంతోనే వెలుగు మెరుగుపడడం కద్దు. తీగలు సన్ననివైతే రిలే కిట్టు అమర్చవచ్చు. ఇందులో స్విచ్చి గుండా రిలేను పనిచేయించే కొద్దిపాటి విద్యుత్తు మాత్రమే పోతుంది. బల్బుకు కావలసిన విద్యుత్తు బ్యాటరీ నుండి ఫ్యూజు ద్వారా లావైన తీగలలో నేరుగా వస్తుంది. పైన చెప్పిన ఉదాహరణలో నష్టపోతున్న ఒక వోల్టు తిరిగి బల్బుకు అందితే, 60/55 బల్బుతోనే వెలుగు సుమారు 30 శాతం పెరుగుతుంది. రిలే కిట్టు తీగలను కాపాడుతుందే గాని, అధిక వాటేజీ బల్బు వేడి నుండి పరావర్తకాన్ని కాపాడలేదు.

బల్బు మార్చేటప్పుడు జాగ్రత్తలు

* దీపం ఆర్పి, తాళంచెవి తీసి, బల్బు చల్లారే వరకు ఆగవలెను. వెలుగుతున్న హాలోజెన్ బల్బు గాజు ఉష్ణోగ్రత 250 డిగ్రీల సెల్సియస్‌కు మించి ఉంటుంది.
* కొత్త హాలోజెన్ బల్బు గాజును వ్రేళ్ళతో తాకరాదు. చేతి జిడ్డు అంటినచోట గాజు అసమానంగా వేడెక్కి పగిలిపోవచ్చు. తాకినచో స్పిరిటుతో తుడవవలెను.
* హెచ్4 పీఠానికి ఉన్న మూడు చెవులు వాటి గాళ్ళలో సరిగా కూర్చున్నవో లేదో చూడవలెను. వంకరగా కూర్చుంటే సరైన వాటేజీ బల్బు కూడా ఎదుటివారి కళ్ళలో వెలుగు కొడుతుంది.
* హోల్డరు మాడి, వదులుగా ఉంటే బల్బుతో పాటు దానిని కూడా మార్చవలెను.
* చివరగా చీకటిలో ఒక గోడ ఎదుట కారు నిలిపి, రెండు దీపాల వెలుగు ఒకే ఎత్తులో పడుతున్నదో లేదో సరిచూడవలెను.

ఇవి కూడా చూడండి

* ఓమ్ నియమం
* విద్యుత్ సామర్థ్యం
* ఫ్యూజు
* హాలోజెన్ దీపం
* రోడ్డు భద్రత